రక్తం ఇవ్వమంటున్నారు, ఇవ్వవచ్చునా? – ఆటిజం జన్యు పరిశోధనపై పాఠకుల ప్రశ్నలు

ఒడిశా సరిహద్దు జిల్లాల్లోని తెలుగు కుటుంబాల నుంచి ఈ శీర్షికకు ఆటిజం గురించి ఉత్తరాలు వస్తూనే ఉంటాయి. ఈసారి వచ్చినవి మాత్రం దాదాపు అన్నీ ఒకే సంగతి చుట్టూ తిరిగాయి. ఆటిజానికి కారణాలు తెలుసుకోవడానికి అనేక దేశాల ప్రయోగశాలలు కలిసి చేస్తున్న జన్యు పరిశోధనలో చేరాలా వద్దా, చేరితే ఏమవుతుంది, ఆ పరిశోధనలు ఇంతవరకు ఏమి తేల్చాయి అన్నదే అందరి ప్రశ్న. అందువల్ల మిగిలిన ఉత్తరాలను వచ్చే సంచికకు ఉంచి, ఈ విషయానికే చోటు ఇస్తున్నాము. రాసినవారి పేర్లు ప్రచురించడం లేదు.

ప్రశ్న: మా బాబుకు ఐదేళ్లు. మూడో ఏట ఆటిజం అని నిర్ధారించారు. మాటలు ఇంకా రాలేదు. ఈమధ్య ఒక పరిశోధన బృందం వారు బాబు రక్తంతో పాటు నాదీ, మావారిదీ, రెండేళ్ల మా పాపదీ కూడా కావాలన్నారు. ఆ వివరాలను ఇతర దేశాలవారి వివరాలతో కలుపుతారట. పాపకు ఏ ఇబ్బందీ లేదు కదా, దాని రక్తం దేనికని మా అత్తగారు అడ్డుపడుతున్నారు. రేపు పెళ్లి సంబంధాల దగ్గర మాట వస్తుందని ఆవిడ భయం. ఇస్తే మా బాబుకు ఏమైనా మేలు జరుగుతుందా? – ఒక తల్లి, బరంపురం

జవాబు: అమ్మా, ముందు మీ చివరి ప్రశ్నకు జవాబు చెబుతాను. ఈ రక్తం ఇచ్చినందువల్ల మీ బాబుకు త్వరలోనే మేలు జరుగుతుందని ఎవరైనా మీతో అని ఉంటే ఆ మాట నమ్మకండి. అలా ఆశపెట్టి సంతకం తీసుకోవడం పరిశోధన నియమాలకే విరుద్ధం. బాబుకు ఇప్పుడు కావలసినవి స్పీచ్ థెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ, ఇంట్లో మీరు రోజూ కూర్చుని ఆడించే ఆటలు, మాట వచ్చేదాకా బొమ్మల కార్డులతోనో సైగలతోనో తనకు ఏమి కావాలో తెలుపుకొనే అలవాటు. మీరు రక్తం ఇచ్చినా మానినా ఇవి ఒక్క వారం కూడా ఆగకూడదు.

ఇక ఇన్ని దేశాలు ఎందుకు కలవవలసి వచ్చిందో చెబితే, మీ ఇంటిల్లిపాది రక్తం ఎందుకు అడుగుతున్నారో తేలికగా బోధపడుతుంది. 1990లలో ఆటిజం జన్యువుల కోసం వెతుకుతున్న ప్రయోగశాలలు తమకు దొరికిన కొద్దిపాటి కుటుంబాల నమూనాలను తమ దగ్గరే దాచుకునేవి. ఒకరు కనుగొన్నామన్నది మరొకరి కుటుంబాల్లో కనిపించేది కాదు. ఈ పద్ధతిని మార్చడానికి ముందుగా పూనుకున్నవారు శాస్త్రవేత్తలు కారు, తల్లిదండ్రులు. అమెరికాలో ఆటిజం ఉన్న పిల్లల తల్లిదండ్రులు స్థాపించుకున్న క్యూర్ ఆటిజం నౌ అనే సంస్థ, 1997లో కుటుంబాల జన్యు నమూనాలతో ఒక భాండాగారాన్ని నెలకొల్పి, అర్హత ఉన్న పరిశోధకులందరికీ దానిని అందుబాటులో ఉంచింది. ఆ తరువాత 19 దేశాలలోని 50కి పైగా సంస్థలు ఆటిజం జీనోమ్ ప్రాజెక్టు పేరిట ఏకమై, ఇద్దరు లేక అంతకంటే ఎక్కువమందికి ఆటిజం ఉన్న 1,168 కుటుంబాలను పరిశీలించి, 2007లో తొలి ఫలితాలను వెల్లడించాయి. అప్పటికి ఆటిజంలో అంత పెద్ద పరిశీలన జరగలేదు. అయినా చేతికి చిక్కినవి పదకొండవ క్రోమోజోములోని ఒక ప్రాంతం, నాడీకణాలు ఒకదానితో ఒకటి కలిసే సంధుల దగ్గర పనిచేసే న్యూరెక్సిన్ అనే జన్యువు, మరికొన్ని ఆనవాళ్లు మాత్రమే.

ఎందుకు అంత తక్కువ దొరికిందంటే, ఆటిజం అనే ఒకే పేరు కింద వందల జన్యువులలోని వేర్వేరు మార్పులు ఉన్నాయి. వాటిలో ఏ ఒక్కటీ వందమంది పిల్లలలో ఒకరిద్దరికి మించి కనిపించదు. అటువంటి అరుదైన మార్పు ఒక ఊరిలో ఒక్కరికే ఉంటే అది కారణమో యాదృచ్ఛికమో తేల్చడం ఎవరి తరమూ కాదు. అదే జన్యువులో అదే తరహా మార్పు బరంపురంలో ఒకరికి, టొరంటోలో ఒకరికి, స్టాక్‌హోమ్‌లో ఒకరికి ఉన్నట్టు తేలితే అప్పుడు గట్టిగా చెప్పవచ్చు. 2010లో మొదలైన ఆటిజం సీక్వెన్సింగ్ కన్సార్షియం చేసిన పని ఇదే. ఆ బృందం 2020లో 35,584 మంది నమూనాలను కలిపి చూసి 102 జన్యువులను గుర్తించింది. వారిలో ఆటిజం ఉన్నవారు 11,986 మంది. 2022 నాటికి పరిశీలించిన వారి సంఖ్య 63 వేలు దాటింది. అప్పుడు చాలా గట్టి ఆధారం ఉన్న జన్యువులు 72, కొంత సడలించిన కొలతతో చూస్తే 185 అని తేలింది. గమనించండి, సంఖ్య పెరిగినకొద్దీ జన్యువులు బయటపడుతున్నాయి. ఏ ఒక్క ఆసుపత్రీ, ఏ ఒక్క దేశమూ తనంతట తాను చేయగలిగిన పని కాదిది.

మీ దంపతుల రక్తం ఎందుకంటే, ప్రతి బిడ్డలోనూ తల్లిలోనూ తండ్రిలోనూ లేని కొత్త మార్పులు అరవై, డెబ్భై వరకు ఉంటాయి. ఇది మీకూ నాకూ అందరికీ ఉన్నదే. వాటిలో చాలా మటుకు ఏ హానీ చేయవు. ఎక్కడో ఒకటి, మెదడు ఎదుగుదలకు ముఖ్యమైన జన్యువు మధ్యలో పడితే తేడా వస్తుంది. బిడ్డలో కనిపించిన మార్పు కొత్తదా, తల్లిదండ్రుల నుంచి వచ్చినదా అన్నది ముగ్గురినీ పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప తెలియదు. ఇక ఆటిజం లేని తోబుట్టువు రక్తం పోలిక కోసం. ఒకే తల్లిదండ్రులకు పుట్టి, ఒకే ఇంట్లో పెరుగుతూ ఆటిజం లేని బిడ్డకంటే మంచి పోలిక దొరకదు. అమెరికాలో 2,600కు పైగా కుటుంబాలతో కూర్చిన సైమన్స్ సింప్లెక్స్ కలెక్షన్ ఈ ఆలోచన మీదనే నిలబడింది.

అయితే మీ అత్తగారి మాటను నేను తేలికగా తీసుకోను. నమూనాలపై పేరు ఉండదు, సంకేత సంఖ్య మాత్రమే ఉంటుంది. పద్ధతిగా నడిచే పరిశోధనలో ఫలితం పెళ్లిచూపుల దాకా వెళ్లే దారి లేదు. మన ఊళ్లలో ఇటువంటి సంగతులు బయటికి పొక్కేది ప్రయోగశాలల నుంచి కాదు, చుట్టాల నోటి నుంచే. కాని పాప రెండేళ్లది. తన జన్యు వివరాలు ఒక భాండాగారంలో ఏళ్ల తరబడి ఉండడానికి తాను ఒప్పుకున్నదీ లేదు, కాదన్నదీ లేదు. పరిశోధనకు ముఖ్యంగా కావలసింది బిడ్డా, తల్లీ, తండ్రీ. పాప నమూనా ఉంటే మంచిదే గాని, లేకపోయినా మీ ముగ్గురి నమూనాలకు విలువ తగ్గదు. నన్ను అడిగితే, మీరు ముగ్గురూ ఇచ్చి, పాపను ఇప్పటికి పక్కన ఉంచమని చెప్పండి. అందుకు ఒప్పుకోని బృందమైతే అసలు చేరకండి.

ఇంకొక సంగతి కూడా సంతకానికి ముందే అడగండి. బాబులో స్పష్టమైన మార్పు ఏదైనా కనిపిస్తే మీకు చెబుతారా, చెబితే ఎవరు, ఎలా చెబుతారు? కొన్ని పరిశోధనలలో చెప్పే ఏర్పాటు ఉంటుంది, కొన్నింటిలో ఉండదు. చెప్పే ఏర్పాటు ఉన్నా, ఆటిజం ఉన్న పిల్లలను పరీక్షిస్తే కారణమని నిలబడే మార్పు దొరికేది సుమారు ఐదుగురిలో ఒకరికి మించదు. మిగిలినవారిలో సాధారణ జనంలోనూ ఉండే చిన్నచిన్న తేడాలు వేల సంఖ్యలో కలిసి పనిచేస్తాయి. ఆటిజం ఉన్న 18,381 మందిని, లేని 27,969 మందిని పోల్చి డెన్మార్క్ పరిశోధకులు ఇతరులతో కలిసి 2019లో ప్రకటించిన అధ్యయనంలో అటువంటి చోట్లు ఐదు మాత్రమే గట్టిగా తేలాయి. ఒక్కొక్కదాని ప్రభావం ఎంతో స్వల్పం. కనుక ఫలితం ఏమీ రాకపోతే పరీక్ష విఫలమైందని అనుకోవలసిన పని లేదు.

ప్రశ్న: నేను మా అక్క కూతురిని చేసుకున్నాను. మా పెద్దబ్బాయికి ఆటిజం, మూర్ఛ రెండూ ఉన్నాయి. మేనరికం వల్లనే ఇలా అయిందని మా వీధిలో అందరూ అంటున్నారు. మా అక్క కుమిలిపోతోంది. నిజమేనా? – పర్లాకిమిడి

జవాబు: పరీక్ష చేయకుండా ఆ మాట అనే అధికారం మీ వీధిలో ఎవరికీ లేదు. మీ అక్కగారికి ఈ జవాబు చదివి వినిపించండి. ఆటిజంలో అధిక భాగానికి మేనరికంతో సంబంధం లేదు. పై జవాబులో చెప్పిన కొత్త మార్పులు మేనరికం చేసుకున్నవారి ఇంట్లోనూ, ఏడు సముద్రాల అవతలి సంబంధం చేసుకున్నవారి ఇంట్లోనూ ఒకే తీరుగా పుడతాయి. వాటిలో ఎక్కువ పాలు తండ్రి నుంచి వస్తాయి, తండ్రి వయసు పెరిగినకొద్దీ ఏడాదికి సుమారు రెండు చొప్పున పెరుగుతాయి. ఇది ఐస్‌లాండ్ కుటుంబాల మీద చేసి 2012లో ప్రచురించిన పరిశోధన తేల్చిన సంగతి.

అయినా మీ ప్రశ్నలో తోసిపుచ్చలేని అంశం ఒకటి ఉంది. కొన్ని జన్యువులలో దోషం ఒక ప్రతిలోనే ఉంటే ఏమీ కాదు, తల్లి నుంచి వచ్చినదీ తండ్రి నుంచి వచ్చినదీ రెండు ప్రతులూ చెడితేనే జబ్బు బయటపడుతుంది. బావామరదళ్ల పెళ్లిలో పుట్టిన బిడ్డకు ఏదైనా ఒక జన్యువు రెండు ప్రతులూ ఒకే పూర్వీకుని నుంచి రావడానికి పదహారింట ఒక వంతు అవకాశం ఉంటే, మేనమామ మేనకోడలి పెళ్లిలో అది ఎనిమిదింట ఒక వంతు. బోస్టన్‌లోని క్రిస్టఫర్ వాల్ష్ బృందం మధ్యప్రాచ్య దేశాల, టర్కీ, పాకిస్థాన్ వైద్యులతో కలిసి దగ్గరి బంధువుల పెళ్లిళ్లు జరిగిన 88 కుటుంబాలను పరిశీలించి, కొన్ని కుటుంబాలలో ఆటిజానికి ఇటువంటి జన్యు దోషాలు కారణమని 2008లో చూపింది. తెలుగునాట, మీ గంజాం, గజపతి జిల్లాల తెలుగు కుటుంబాలలో మేనరికం ఎంత మామూలో మీకు చెప్పనక్కరలేదు. మనవంటి కుటుంబాలు పరిశోధనలో చేరితే ఐరోపా కుటుంబాలలో ఎన్ని వేలమందిని చూసినా దొరకని జన్యువులు దొరకవచ్చు. దగ్గరి బంధుత్వం లేకపోయినా తరతరాలుగా ఒకే కులంలో పెళ్లిళ్లు చేసుకోవడం వల్ల కూడా ఇలాంటి పరిస్థితే వస్తుంది. మత్తు ఇచ్చేటప్పుడు వాడే కొన్ని కండరాల సడలింపు మందులు వైశ్యులలో కొందరికి పడకపోవడం వైద్యులకు చాలాకాలంగా తెలిసిన ఉదాహరణ. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు పాలుపంచుకున్న 2017 నాటి అధ్యయనం దక్షిణాసియాలో ఇటువంటి సమూహాలు అనేకం ఉన్నాయని చూపింది.

మీ అబ్బాయికి మూర్ఛ కూడా ఉన్నదన్నారు. అందువల్ల పరిశోధన సంగతి ఎలా ఉన్నా, వైద్యపరంగా జన్యు పరీక్ష చేయించడం అవసరమని నా అభిప్రాయం. ఆటిజంతో పాటు మూర్ఛ, బుద్ధి ఎదుగుదలలో వెనుకబాటు, వచ్చిన మాటలు పోవడం, దగ్గరి చుట్టాలలో మరో బిడ్డకు ఇటువంటి లక్షణాలు, కారణం తెలియని శిశు మరణాలు వంటివి ఉన్న కుటుంబాలలో కారణం దొరికే అవకాశం ఎక్కువ. దొరికితే ఒక్కోసారి వైద్యమే మారుతుంది. టర్కీ, ఈజిప్టు, లిబియా దేశాల మేనరికపు కుటుంబాలలో ఆటిజం, మూర్ఛ కలిసి ఉన్న పిల్లలలో బీసీకేడీకే అనే జన్యువు చెడినట్టు 2012లో ఒక బృందం కనిపెట్టింది. ఆ పిల్లల శరీరంలో కొన్ని అమైనో ఆమ్లాలు వేగంగా ఖర్చయిపోతాయి. అదే దోషం ఉన్న ఎలుకలకు ఆహారంలో వాటిని అదనంగా ఇచ్చినప్పుడు నాడీ లక్షణాలు తగ్గాయి. ఎస్‌సీఎన్2ఏ అనే మరో జన్యువు విషయంలో, దోషం ఏ తరహాదో తెలిస్తే ఏ మూర్ఛ మందు ఇవ్వవచ్చో, ఏది ఇస్తే ఫిట్స్ పెరుగుతాయో తెలుస్తుంది. ఇవి అరుదైనవే. కాని మీ అబ్బాయికి ఇటువంటివి లేవని చూసుకోవడం మీ బాధ్యత. పిల్లల నరాల వైద్యుని ఉత్తరంతో హైదరాబాద్‌లో జన్యు పరీక్షలు చేసే సీడీఎఫ్‌డీ వంటి ప్రభుత్వ సంస్థ సేవలను గాని, దగ్గరలోని వైద్య కళాశాల ద్వారా జన్యు సలహా నిపుణులను గాని సంప్రదించండి. తరువాతి బిడ్డ గురించి ఆలోచన ఉంటే ఆ సలహా ముందే తీసుకోండి.

ప్రశ్న: మా మనవడికి ఆటిజం. కోడలు ఉద్యోగానికి వెళ్లి బిడ్డను పట్టించుకోకపోవడం వల్లనని మా ఆవిడ, టీకాల వల్లనని మా తమ్ముడు అంటారు. ఏది నిజం? – విశ్రాంత ఉపాధ్యాయుడు, రాయగడ

జవాబు: రెండూ నిజం కావు. తల్లి ముద్దుమురిపాలు చూపకపోవడం వల్ల ఆటిజం వస్తుందని గత శతాబ్దం మధ్యకాలంలో వైద్యులే అనేవారు. ఆ మాట ఎందరో తల్లులను నరకయాతన పెట్టింది. 1977లో బ్రిటన్‌లో సుసాన్ ఫోల్‌స్టీన్, మైకేల్ రట్టర్ 21 కవల జంటలను పరిశీలించారు. ఒకే అండం నుంచి పుట్టిన 11 జంటలలో నాలుగింట ఇద్దరికీ ఆటిజం ఉంది, వేర్వేరు అండాల నుంచి పుట్టిన 10 జంటలలో ఒక్క జంటలోనూ ఇద్దరికీ లేదు. చిన్న సంఖ్యే అయినా, ఆటిజం మూలం పెంపకంలో కాక పుట్టుకలో ఉన్నదని చూపిన తొలి గట్టి ఆధారం అది. 2019లో ఐదు దేశాలలో పుట్టిన 20 లక్షల మంది పిల్లల రికార్డులను కలిపి చూసినప్పుడు, జనాభాలో ఆటిజం విషయంలో కనిపించే తేడాలకు సుమారు 80 శాతం జన్యువులే ఆధారమని తేలింది. మిగిలిన దానిలో నెలలు నిండకుండా పుట్టడం, గర్భిణి వాల్‌ప్రోయేట్ అనే మూర్ఛ మందు వాడడం వంటివి ఉన్నాయి. కోడలి ఉద్యోగం ఎక్కడా లేదు.

టీకాల సంగతి మరీ క్లుప్తంగా చెప్పవచ్చు. 12 మంది పిల్లలను చూపించి 1998లో వచ్చిన ఒక వ్యాసం ఆ భయానికి మూలం. ఆ వ్యాసాన్ని ప్రచురించిన లాన్సెట్ పత్రికే 2010లో దానిని ఉపసంహరించింది. డెన్మార్క్‌లో 6,57,461 మంది పిల్లలను పరిశీలించినా ఏ సంబంధమూ కనిపించలేదు. మీ తమ్ముడుగారి ఇంట్లో చిన్నపిల్లలు ఉంటే టీకాలు వేయించారో లేదో కనుక్కోండి, అది ఎక్కువ ముఖ్యం.

ప్రశ్న: మా మొదటి బాబుకు ఆటిజం. రెండో బిడ్డ కోసం అనుకుంటున్నాము. రెండో బిడ్డకూ వస్తుందా? గర్భంలోనే తెలుసుకోవచ్చునా? – ఒక జంట, గునుపూరు

జవాబు: ఆటిజం ఉన్న బిడ్డ తరువాత పుట్టిన పసివాళ్లను నెలల వయసు నుంచి గమనిస్తూ వచ్చిన పలు దేశాల పరిశోధకులు తమ వివరాలను ఒకచోట చేర్చి 2011లోనూ మళ్లీ 2024లోనూ లెక్క కట్టారు. రెండుసార్లూ ఇంచుమించు ఒకే సమాధానం వచ్చింది, సుమారు ఐదుగురిలో ఒకరు. మగబిడ్డలలో నలుగురికి ఒకరు, ఆడబిడ్డలలో ఎనిమిది మందికి ఒకరు. అంటే ఐదుగురిలో నలుగురికి ఆటిజం రాదు.

ఇది అన్ని కుటుంబాలకూ కలిపిన సగటు, మీ కుటుంబం సంఖ్య వేరు కావచ్చు. బాబులో ఆటిజానికి కారణమైన మార్పు మీ ఇద్దరిలోనూ లేని కొత్తదని పరీక్షలో తేలితే, అదే మార్పు రెండో బిడ్డకు రావడం చాలా అరుదు, సుమారు వందకు ఒకటి. అదే ఫ్రాజైల్ ఎక్స్ (ఎక్స్ క్రోమోజోములోని ఒక జన్యువు చెడడం వల్ల వచ్చే జబ్బు) వంటిది తల్లి నుంచి వచ్చినట్టు తేలితే అవకాశం సగం దాకా పోతుంది. కాబట్టి ముందుగా పరీక్షించవలసింది గర్భాన్ని కాదు, బాబును. అతనిలో ఫలానా మార్పు అని తెలిస్తేనే గర్భంలో దానికోసం వెతకడానికి అర్థం ఉంటుంది. తెలియనప్పుడు, పుట్టబోయే బిడ్డకు ఆటిజం ఉన్నదో లేదో చెప్పగల పరీక్ష ఏదీ లేదు. రెండో బిడ్డ పుట్టాక మాత్రం తొమ్మిదో నెల నుంచే పిలిస్తే చూడడం, వేలితో చూపించడం వంటివి గమనిస్తూ ఉండండి, అనుమానం వస్తే పిల్లల ఎదుగుదల లోపాలను తొలిదశలోనే చూసే జిల్లా కేంద్రంలోని ప్రారంభ జోక్య కేంద్రానికి ఆలస్యం చేయకుండా తీసుకువెళ్లండి.

ప్రశ్న: ఉమ్మి పంపితే ఆటిజం జన్యువును కనిపెట్టి, దానికి తగిన ఆహారం, మందులు రాసిస్తామని ఒక ప్రకటన చూశాము. పంపవచ్చునా? – మల్కన్‌గిరి

జవాబు: వద్దు. ఉమ్మితో జన్యు పరీక్ష చేయవచ్చును. అమెరికాలో 2016లో మొదలైన స్పార్క్ అనే పరిశోధన ఇంటికి పంపిన సీసాలలో ఉమ్మి సేకరించే నడుస్తోంది. కాని ఫలితం చూసి ఆటిజానికి ఆహారం, మందులు రాసిచ్చే విద్య ఇంకా ఎవరికీ రాలేదు. ఆ డబ్బు థెరపీకి పెట్టండి.

ప్రశ్న: నేను ఇంజనీరింగ్ చదువుతున్నాను. నాకు ఆటిజం ఉందని పంతొమ్మిదో ఏట తెలిసింది. ఇన్ని దేశాలు కలిసి కారణాలు వెతుకుతున్నది చివరికి మావంటివారు పుట్టకుండా చేయడానికేనా? – జయపురం

జవాబు: ఈ నెల వచ్చిన ఉత్తరాలలో జవాబు రాయడానికి నాకు ఎక్కువ సమయం పట్టినది మీదే. ఈ అనుమానం మీ ఒక్కరిది కాదు. కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయం వారు ఆటిజం ఉన్న పదివేల మంది జన్యు నమూనాలు సేకరించడానికి స్పెక్ట్రమ్ 10కె అనే పరిశోధనను 2021 ఆగస్టులో ప్రకటించగా, ఆటిజం ఉన్నవారే పెద్ద ఎత్తున అభ్యంతరం తెలిపారు. మా వివరాలు ఎవరి చేతికి పోతాయి, రేపు గర్భంలో ఏరివేతకు వాడరని హామీ ఏమిటి అని వారు నిలదీయడంతో మరుసటి నెలకే దానిని నిలిపివేయవలసి వచ్చింది. ఆ అభ్యంతరం న్యాయమైనదేనని నేను భావిస్తాను.

పరిశోధకుల ఉద్దేశం ఏమిటన్నది ఒక ప్రశ్న, దొరికిన జ్ఞానాన్ని సమాజం ఎలా వాడుకుంటుందన్నది మరొక ప్రశ్న. మొదటిదాని విషయంలో చాలామంది పరిశోధకుల లక్ష్యం మూర్ఛ, నిద్రలేమి, మాట పూర్తిగా రాకపోవడం వంటి తీవ్రమైన ఇబ్బందులకు మూలం వెతకడమే. ఇప్పటివరకు గట్టిగా తేలిన జన్యువులు కూడా అధిక భాగం అటువంటి తీవ్ర లక్షణాలు ఉన్నవారిలో కనిపించేవే. మీవంటి చదువుకుంటున్న యువకులలో ఆటిజానికి ఆధారమైన చిన్న తేడాలు వేలల్లో, జనమందరిలో పరుచుకుని ఉంటాయి. వాటిలో కొన్ని ఎక్కువ చదువుతో ముడిపడినట్టు కూడా కనిపిస్తాయి. వాటిని ఏరివేయడం సాంకేతికంగా సాధ్యం కాదు. రెండవదాని విషయంలో నేను హామీ ఇవ్వలేను. గర్భంలో బిడ్డ ఆడో మగో చెప్పడాన్ని నిషేధిస్తూ 1994లోనే చట్టం చేసుకోవలసి వచ్చిన దేశం మనది. అటువంటి చోట ఈ భయం అర్థం లేనిదని ఎవరు అనగలరు? అందుకే ఇటువంటి పరిశోధనల నిర్ణయాలలో ఆటిజం ఉన్న పెద్దలకు చోటు ఉండాలి. మిమ్మల్ని ఎవరైనా నమూనా అడిగితే, వారి సలహా సంఘంలో ఆటిజం ఉన్నవారు ఎందరని అడగండి. జవాబు నచ్చకపోతే ఇవ్వకండి, మీరు పెద్దవారు, ఆ నిర్ణయం పూర్తిగా మీదే.

ప్రశ్న: సమ్మతి పత్రం ఒడియాలోనూ ఇంగ్లీషులోనూ ఇచ్చారు. మేము ఒడియా మాట్లాడతాము గాని తెలుగే చదవగలము. సంతకం పెట్టవచ్చునా? తరువాత వద్దనుకుంటే వెనక్కి తీసుకోవచ్చునా? విదేశాలకు పంపి అమ్ముకుంటారని కొందరు అంటున్నారు. – ఛత్రపురం

జవాబు: చదవలేని పత్రం మీద సంతకం పెట్టకండి. భారత వైద్య పరిశోధన మండలి 2017లో వెలువరించిన నైతిక మార్గదర్శకాల ప్రకారం పాల్గొనేవారికి అర్థమయ్యే భాషలో పత్రం ఇవ్వవలసిందే. ఒడిశాలో ఉన్నంత మాత్రాన ఒడియా పత్రంతో సరిపెట్టడానికి వీలు లేదు. తెలుగు పత్రం కావాలని అడగండి, ఇవ్వడానికి వారికి కొన్ని వారాలు పట్టినా ఆగండి. ఏడేళ్లు దాటిన పిల్లలకు వారికి అర్థమయ్యేటట్టు చెప్పి, వారి ఇష్టం కూడా తెలుసుకోవాలి. మాట రాని పిల్లవాడైనా సూదిని చూసి గట్టిగా వద్దని మొరాయిస్తే దానిని కూడా వద్దనడంగానే లెక్కించాలని నేను అంటాను.

ఏ దశలోనైనా కారణం చెప్పకుండా తప్పుకునే హక్కు మీకు ఉంది, తప్పుకున్నందుకు వైద్యంలో తేడా చూపకూడదు. అయితే అప్పటికే ఇతరుల వివరాలతో కలిపి ప్రచురించిన ఫలితాల నుంచి మీ భాగాన్ని విడదీయడం సాధ్యం కాదు. మిగిలిన నమూనాను నాశనం చేస్తారా, ఎన్నాళ్లలో చేస్తారు అన్నది పత్రంలో ఉండాలి.

విదేశీ సంస్థల భాగస్వామ్యం ఉన్న పరిశోధనకు పరిశోధన నైతికంగా ఉన్నదో లేదో చూసే స్థానిక ఎథిక్స్ కమిటీ అనుమతితో పాటు కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ పరిశీలనా సంఘం అనుమతి కూడా సాధారణంగా కావాలి. ఆ రెండు అనుమతుల సంఖ్యలు అడిగి రాసుకోండి. అమ్ముకుంటారన్న మాట అన్ని పరిశోధనలకూ వర్తించదు గాని, మందుల కంపెనీలకు వివరాలు అందించే అవకాశం కొన్ని పత్రాలలో ఉంటుంది. ఆ వాక్యం ఉన్నదా లేదా చూపించమనండి. ఉంటే దానికి మాత్రం ఒప్పుకోము అని గీత గీసే వీలు ఉండాలి.

అన్నీ సరిగా ఉంటే ఇవ్వమనే చెబుతాను. ఈ పెద్ద పరిశోధనలలో ఇంతవరకు పాల్గొన్నవారిలో అత్యధికులు ఐరోపా మూలాలవారు. అక్కడ అరుదైన మార్పు మనలో మామూలుగా ఉండవచ్చు, దానినే కారణమని పొరబడి నివేదిక రాసే ప్రమాదం ఉంది. 20 సంస్థలు కలిసి చేసిన జీనోమ్ ఇండియా ప్రాజెక్టు పదివేల మందికి పైగా భారతీయుల జన్యుక్రమాలను 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులోకి తెచ్చిన తరువాత ఈ లోటు కొంత తీరింది. కాని అది సాధారణ జనానికి సంబంధించినది, ఆటిజం కుటుంబాలది కాదు. ఢెంకనాల్, హైదరాబాద్ సహా ఐదు చోట్ల పిల్లల నాడీ ఎదుగుదల సమస్యలను లెక్కగట్టి 2018లో ప్రచురించిన అధ్యయనంలో కూడా ఎంతమందికి ఉన్నదన్నది చూశారు గాని జన్యువులను చూడలేదు. తెలుగు పత్రం చేతికి వచ్చాక ఒక ప్రతిని, సంతకాలతో సహా, మీ దగ్గర ఉంచుకోండి. దాని మీద ప్రధాన పరిశోధకుని పేరు, ఎథిక్స్ కమిటీ కార్యదర్శి ఫోను నంబరు ఉన్నాయో లేదో చూసుకోండి.